లహర్ అంటే అల కాదు

మా కుయా పోయాడు. మూడు వారాలు కావస్తోంది, ఈ ఒక్క ముక్క రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడడం లేదు. ఇక్కడ ఖతర్‌లో డ్యూటీ ముగించుకుని అల్ వక్రా సైటు నుంచి బిర్కత్ అల్ అవామిర్ క్యాంపుకు తిరిగొచ్చే బస్సులో, పట్టపగలు, ముప్పై మంది మధ్యన కూర్చుని పోయాడు. ఒక్కరికీ తెలియలేదు. పక్క సీట్లో కూర్చున్న నాకే తెలియలేదంటే ఇంకెవరికి తెలుస్తుంది? మనిషి పక్కన మనిషి ఉండగా ప్రాణం ఇంత చప్పుడు లేకుండా పోతుందా? నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు.

రోజూ బస్సు ఆగగానే ముందు ఆయన దిగేవాడు. డోరు దగ్గర నిలబడి, దిగే ప్రతి మనిషినీ తన భాషలో లెక్కపెట్టేవాడు. 'ఇసా, దలవా, తత్లో...' లెక్క సరిపోతేనే చేతులు దులుపుకుని లోపలికి నడిచేవాడు. ఆ రోజు డోరు దగ్గర ఎవరూ లేరు. మా డ్రైవర్ కడపాయన. అద్దంలోంచి వెనక్కి చూసి, "ఏమప్పా, మీ కుయా ఈ పొద్దు లెక్క పెట్టడం లేదే? నిద్రపోయినాడా యేమి?" అన్నాడు. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే భుజం పట్టి ఊపాను.

అంబులెన్సులో వచ్చినాయన నాడి చూసి, కళ్ళు చూసి, బస్సు ఆగేసరికే గుండె ఆగి అరగంట అయి ఉంటుందని చెప్పాడు. మా ప్రయాణం మొత్తం నలభై నిమిషాలు. ఎక్కిన కాసేపటికే పోయాడన్నమాట. నలభై ఏడేళ్ళ మనిషి, ముందురోజు కూడా భుజాన హోసు పైపు వేసుకుని నాకంటే ముందు ర్యాంపు ఎక్కిన మనిషి. నేను ఆ స్ట్రెచర్ పక్కన నిలబడి "నై నై, స్లీపింగ్, స్లీపింగ్" అని అరుస్తూనే ఉన్నానట. తర్వాత మా వాళ్ళు చెబితే తెలిసింది.

కుయా అంటే ఫిలిప్పీన్స్ వాళ్ళ భాషలో అన్న. ఆయన అసలు పేరు పాస్‌పోర్టులోనే ఉండేది, మా నోళ్ళలో ఎప్పుడూ లేదు. మా గ్యాంగుకు ఫోర్‌మాన్. మా గ్యాంగు పని ఏమిటో కూడా చెప్పాలి. సముద్రం పక్కన పునాది తవ్వితే రెండు నిలువుల లోతుకే ఉప్పునీళ్ళు ఊరతాయి. వాటిని ఇరవై నాలుగు గంటలూ పంపులతో తోడిపోస్తుంటేనే కింద కాంక్రీటు పడుతుంది. పంపు ఆగిందా, గుంత మళ్ళీ మడుగే. మాది జగిత్యాల వైపు ఒక మెట్ట ఊరు. మూడు బోర్లు వేయించి మూడింట్లోనూ దుమ్మే చూసిన మనిషి మా నాయన. ఆయన కొడుకును, ఎడారికొచ్చి నీళ్ళు తోడి పారబోస్తున్నాను. మొదటి నెల ఈ మాట ఫోన్లో చెబితే, "దుబాయిల నీళ్ళెక్కడియిరా? నన్ను పిచ్చోన్ని జేస్తున్నవా?" అని నాయన ఫోన్ పెట్టేశాడు. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఇది దుబాయే.

ఇది కుయాకు చెబితే పడిపడి నవ్వాడు. "యువర్ హౌస్ నో వాటర్. మై హౌస్ టూ మచ్ వాటర్" అన్నాడు. ఏదో తమాషాకు అన్నాడనుకున్నాను.

మొదటిరోజే నాకూ ఆయనకూ పడలేదు. నేను పంపు పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. ఆయన వచ్చి ఫోన్ లాక్కుని నా జేబులో పెట్టి, "యూ సీ మొబైల్. వాటర్ సీ యూ" అన్నాడు. నువ్వు ఫోన్ చూస్తుంటే నీళ్ళు నిన్ను చూస్తున్నాయట. నాకు ఒళ్ళు మండింది. నాది మొదటినుంచీ తిక్క స్వభావం, ఒకరు మాట అంటే పడను. వీడెవడు నాకు చెప్పేది అని వారం రోజులు ముఖం మాడ్చుకున్నాను. కానీ ఆ వారంలోనే చూశాను, ఆయన పంపును ఎలా చూసుకునేవాడో. అరచేత్తో కాదు, చేతి వెనక భాగంతో మోటారును తాకేవాడు, పిల్లలకు జ్వరం చూసినట్టు. చెవి పెట్టి వినేవాడు. గుంత గోడ మీద సుద్దతో గీత గీసి, నీళ్ళు ఆ గీత కిందే ఉన్నాయా లేదా అని గంటకోసారి చూసేవాడు. ఎండు చేపలతో అన్నం తింటున్నా సరే, నీళ్ళవైపు వీపు పెట్టి కూర్చునేవాడు కాదు. ఆ చేపల వాసనకు మేమంతా ముక్కులు మూసుకుని నాలుగడుగులు అవతల కూర్చునేవాళ్ళం.

ఒకరోజు భోజనాల దగ్గర మా రూములో ఉండే ఆర్మూర్ అన్న ఆయన్ను ఇంటి సంగతి అడిగాడు. అమ్మానాన్న ఉన్నారా అని. కుయా తలెత్తకుండానే, "సిస్టర్ యెస్. మదర్ నో. లహార్ కమ్. హౌస్ ఖలాస్, మదర్ ఖలాస్" అన్నాడు. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆర్మూర్ అన్నకు బొంబాయిలో పనిచేసిన హిందీ ఉంది. ఆయన మాకు తెలుగులో విడమర్చి చెప్పాడు.

"లహర్ అంటె అలరా. సముద్రం అలొచ్చి తల్లిని గుంజుకపోయిందంటుండు. సునామీ గావచ్చు. పాపం గదరా!"

పాపం, పాపం అనుకున్నాం. ఇక అప్పటినుంచి ఆయన్ను సముద్రం నుంచి కాపాడే పని మేం నెత్తికెత్తుకున్నాం. శుక్రవారం వక్రా తీరానికి అందరం వెళ్ళేవాళ్ళం, ఆయన్ను మాత్రం పిలిచేవాళ్ళం కాదు. బస్సు తీరం వెంట పోయేటప్పుడు ఆయన్ను అవతలి వైపు కూర్చోబెట్టేవాళ్ళం. సముద్రం కనపడే మలుపు రాగానే ఆర్మూర్ అన్న ఆయన మీదికి వంగి ఏదో ఒక సొల్లు మొదలుపెట్టేవాడు. ఓ శుక్రవారం కుయా తనంతట తానే గాలం కర్ర పట్టుకుని మా వెనక వచ్చాడు. నేను ఎదురెళ్ళి, "కుయా, సీ నో గుడ్. గో రూమ్" అని చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పి పంపాను. ఆయన నావైపు వింతగా చూసి, గాలం కర్ర భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మూడేళ్ళు ఇలా నడిచింది. ఎంత బుద్ధిమంతులమో చూడండి.

నాలుగో ఏడు నాకు బిడ్డ పుట్టింది. పంతులు 'ల' అక్షరం వచ్చిందన్నాడట. నా భార్య ఫోన్ చేసి మంచి పేరు దొరికిందని చెప్పగానే నేను ఎగిరి గంతేశాను. మిఠాయి డబ్బా కొని క్యాంపులో పంచాను. పక్క రూము నుంచి కుయా కూడా వచ్చాడు. నన్ను వాటేసుకుని, బర్ఫీ ముక్క తీసుకుని నోటిదాకా తెచ్చి, "బేబీ నేమ్?" అన్నాడు.

"లహరి" అన్నాను.

"వాట్?"

వినపడలేదేమో అనుకుని, ఒక్కొక్క అక్షరం విడదీసి మళ్ళీ చెప్పాను. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. బర్ఫీని తిరిగి డబ్బాలో పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఆర్మూర్ అన్న నా వీపు మీద ఒక్కటిచ్చాడు.

"ఓరి నీ! తల్లిని మింగినదాని పేరు తెచ్చి బిడ్డకు పెట్టుకున్నవురా! నీకు సోయున్నదా?"

అప్పుడు వెలిగింది నాకు. లహర్, లహరి. వెంటనే ఇంటికి ఫోన్ చేసి పేరు మారుద్దామన్నాను. నా భార్య ఊరుకుంటుందా?

"ఇరవై ఒకటోనాడు తొట్టెలల ఏసినం. చెవుల పేరు జెప్పినం. వాడకట్టంత వచ్చి తిని పోయిండ్రు. గిప్పుడు నీ దోస్తుకు నచ్చలేదని మారుస్తవా? ఆయనది ఏ ఊరు, ఏ దేశం? బిడ్డను కండ్లతోని సూడకముందే పేరు దీసేసెటందుకు తయారైనవు!"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఆమె మీద చూపలేని కోపమంతా కుయా మీదికి తిరిగింది. బిడ్డ నాది, పేరు నాది, మిఠాయి తిరిగి డబ్బాలో పెట్టడమేమిటి అనుకున్నాను. ఆయనతో మాట్లాడడం మానేశాను. డ్యూటీ చెబితే తలూపడం, అంతే.

ఆ చలికాలంలోనే వాన పడింది. ఖతర్‌లో వాన అంటే మాకు పండగ. గుంతలో పదకొండు మందిమి తడుస్తూ, ఫోటోలు దిగుతూ, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటున్నాం. గుంత అంచున, తవ్విపోసిన ఇసుక గుట్టలా ఉంది. దాని వెనక ఖాళీ జాగాలో పడ్డ వాన అంతా వచ్చి నిలుస్తోందని మాలో ఒక్కడికీ తట్టలేదు. కుయా ఆ గుట్ట ఎక్కి అవతలికి చూశాడు. మరుక్షణం అరుచుకుంటూ దిగాడు. "యల్లా! అప్, అప్! ఆల్ అప్!"

అందరూ ర్యాంపు ఎక్కి పరుగెత్తారు. నేను ఎక్కలేదు. వినపడనట్టు పంపు దగ్గర వంగి హోసు క్లాంపు బిగిస్తూ కూర్చున్నాను. ఆయన చెబితే నేను కదలాలా అని. అంత మొండితనం! పైన ఆయన లెక్క పదితో ఆగిపోయింది. కిందికి దిగొచ్చి, నా కాలర్ పట్టి, బస్తాను ఈడ్చినట్టు ఈడ్చుకుంటూ పైకి తెచ్చాడు. నేను బూతులు తిట్టాను. ఆయన పట్టించుకోలేదు. పార తీసుకుని, గుట్టకు ఆ చివరికి పోయి, రోడ్డు పక్క కాలువ వైపు జానెడు వెడల్పు దారి తవ్వాడు. నీళ్ళు ముందు సన్నగా, తర్వాత జోరుగా అటు మళ్ళాయి. అయినా గుట్టలో ఒక ముక్క జారింది. బూడిద రంగు బురద బుసబుసమంటూ దిగి నా పంపును కప్పేసింది. నేను కూర్చున్న చోట నడుము లోతు మట్టి.

కుయా నా తల పట్టుకుని ఆ బురదవైపు తిప్పాడు. "దిస్" అన్నాడు. "దిస్ లహార్."

"లహర్... సీ?" అన్నాను అయోమయంగా.

"నో సీ! వై సీ? దిస్!"

ఆ సాయంత్రం కంటైనర్ గదిలో, తడిబట్టలతో, చేతిలో టీ పట్టుకుని ఆయన చెప్పాడు. నాకు అర్థమైనంతవరకు నా మాటల్లో రాస్తున్నాను. వాళ్ళ ఊరి వెనక ఒక కొండ ఉండేది. దాని కడుపులో నిప్పు ఉందని వాళ్ళ తాతలకు కూడా తెలియదు. ఈయన పదమూడేళ్ళ వయసులో ఉండగా అది పేలింది. మధ్యాహ్నమే చీకటి పడింది. ఆకాశం నుంచి బూడిద కురిసింది. అదే రోజు తుఫాను కూడా వచ్చి, తడిసిన బూడిద బరువుకు ఇళ్ళ కప్పులు కూలాయి. వీళ్ళిల్లు నిలబడింది. కొండకు శిఖరమే లేకుండా పోయి, ఆ చోట పెద్ద గొయ్యి మిగిలింది. ఏటేటా పడే వానలకు ఆ గొయ్యి నిండి సరస్సయింది. పాపిష్టి సంగతేమిటంటే, పేలినప్పుడు బతికిన వాళ్ళను తర్వాతి వానలు వదల్లేదు. కొండ చుట్టూ మేట వేసిన బూడిద, వానొచ్చినప్పుడల్లా నీళ్ళతో కలిసి బురదై ఊళ్ళ మీద పడేది. ఆ బురదనే అక్కడ లహార్ అంటారు. మన కాంక్రీటు లాగే, కాసేపు ఆగితే గట్టిపడిపోతుంది. ఆ బురద వస్తోందని ఊరంతా గుట్టెక్కిన రోజున వాళ్ళమ్మ కట్టేసిన బర్రెను విప్పి వస్తానని వెనక్కి పోయింది. రాలేదు. తవ్వినా దొరకలేదు. వాళ్ళ ఊరి చర్చి సగం భూమిలో ఉందట, ఇప్పుడు కిటికీలోంచి లోపలికి పోతారట.

ఇంకో పదేళ్ళకు, కొండ మీది ఆ సరస్సు నిండిపోయి అంచు తెగేలా ఉందని, నీటికి దారి తీయడానికి కూలీలను పైకి పంపారు. పార పట్టుకుని ఈయనా వెళ్ళాడు. సరస్సును అప్పుడే మొదటిసారి చూడడం.

"వెరీ బ్యూటిఫుల్" అన్నాడు. "ఐ యామ్ వెరీ యాంగ్రీ."

ఎంత అందంగా ఉందో అంత కోపం వచ్చిందట. దానివైపు వీపు పెట్టి, తవ్వినన్ని రోజులూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా తవ్వాడట. అక్కడే ఒక ముసలి మేస్త్రీ ఈయనకు చెప్పాడట, నీటికి కోపం లేదురా, దానికి కిందికి పోవడం ఒక్కటే తెలుసు అని. ఈ పనిలోకి అలా వచ్చాడు.

అంతా విన్నాక ఆర్మూర్ అన్న మెల్లగా మా సంగతి బయటపెట్టాడు. లహర్ అంటే మాకు అల అనీ, మూడేళ్ళుగా నిన్ను సముద్రం కంటపడకుండా కాపాడుతున్నామనీ. కుయా నోరు తెరిచి చూశాడు. తర్వాత మొదలైంది నవ్వు. బల్ల మీద గుద్దుతూ నవ్వాడు. తన ఎండు చేపల వాసనకే మేం బీచికి రానివ్వడం లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాడట! ఆ నవ్వు మధ్యలోనే ఎప్పుడో ఏడుపయింది, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టి, లహరి అంటే మా భాషలో చిన్న అల, గాలికి నీళ్ళ మీద లేచేది, అంతే అని చెప్పాను. పేరు మారుద్దామనుకున్న సంగతీ చెప్పాను.

"నో చేంజ్" అన్నాడు గట్టిగా. "గుడ్ నేమ్. బట్ మై మౌత్... నో కమ్."

ఆ పేరు ఆయన నోట రాలేదు. ఏళ్ళు గడిచినా రాలేదు. నా బిడ్డను బేబీ అనే పిలిచేవాడు. ఆమెకు మూడో ఏడు వచ్చి మాటలు ముదిరాక, ఫోన్ కలపగానే నన్ను పక్కకు తోసి కుయాను అడిగేది. ఆయనకు మా తెలుగులో రెండు మాటలే వచ్చు, 'మంచిగున్నవా', 'తిన్నవా'. అవి అయిపోగానే ఆమె మొదలుపెట్టేది. ఆ వయసు పిల్లలు కనపడ్డ ప్రతివాళ్ళనూ అడుగుతారు కదా, అదే ప్రశ్న.

"కుయా, నా పేరేంది?"

"బేబీ!"

"కాదూ! నా పేరేంది?"

"బ్యూటిఫుల్ బేబీ!"

"కాదు, కాదు, కాదు!"

వెనక నుంచి నా భార్య, "పోనియ్యే, కుయాకు నోరు తిరుగది" అని సర్దిచెప్పేది. లహార్ కథ నేను చెప్పాక ఆమె ఇంకెప్పుడూ ఆయన ఏ దేశమని అడగలేదు. కానీ నాకు మనసులో ఒకటే కోరిక ఉండేది. ఆయన లాగకపోతే నేను ఆ బురద కింద ఉండేవాణ్ణి, నా బిడ్డను ఎత్తుకునేవాణ్ణే కాదు. అలాంటి మనిషి నోట పలకలేని పేరు నా ఇంట్లో తిరుగుతోంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయన నా బిడ్డను పేరు పెట్టి పిలిస్తే చాలు. ఆయన్ను అడగలేదు. ఎలా అడుగుతాను?

ఆయన పోయిన ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కుయా నన్ను నీడలోకి పిలిచాడు. వాళ్ళ చెల్లెలు పిల్లలతో కలిసి ఆ కొండెక్కి, సరస్సును వీడియో తీసి పంపిందట. ఇప్పుడు అక్కడికి జనం సరదాగా పోతున్నారట. ఆయన అప్పటికే ఎన్నిసార్లు చూశాడో తెలియదు. నాకు చూపించాడు. చుట్టూ బూడిద రంగు కొండ గోడలు, వాటి మీద అక్కడక్కడ పచ్చగా మొలిచిన చెట్లు, మధ్యలో నీలమో ఆకుపచ్చో చెప్పలేని నీళ్ళు. గాలి వీస్తోంది. నీళ్ళ మీద సన్నటి గీతలు లేచి ఒడ్డుకు వచ్చి పోతున్నాయి. ఆయన బొటనవేలితో వీడియో ఆపి, ఆ గీతల మీద వేలు పెట్టాడు.

"దిస్ వన్? స్మాల్, స్మాల్. దిస్ యువర్ బేబీ నేమ్?"

"అవును కుయా. గదే" అన్నాను.

చాలాసేపు చూశాడు. "సేమ్ మౌంటెన్" అన్నాడు. "దట్ ఆల్సో. దిస్ ఆల్సో." తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు. "టుడే కాల్. టుడే ఐ సే."

ఆ మధ్యాహ్నమంతా పంపుల మధ్య తిరుగుతుంటే ఆయన పెదాలు కదలడం చూశాను. మోటార్ల మోతలో ఏమీ వినపడలేదు, కానీ ఏం ప్రాక్టీసు చేస్తున్నాడో నాకు తెలుసు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. డ్యూటీ ముగిసే ముందు ఛాతీ రుద్దుకుంటూ వచ్చి, గ్యాస్, గ్యాస్ అన్నాడు. నా సంచిలో గ్యాస్ గోలీ ఉంటే తీసి ఇచ్చాను. నీళ్ళ బాటిల్ మూత తీసి మరీ ఇచ్చాను. నా చేతులు విరిగిపోను! ఒక్కమాట సైటు సేఫ్టీ ఆఫీసరుకు చెప్పి ఉంటే, ఒక్కసారి క్లినిక్‌కు పట్టుకుపోయి ఉంటే? రోజూ మమ్మల్ని లెక్కపెట్టే మనిషిని మేం ఒక్కపూట లెక్కలోకి తీసుకోలేదు.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. చెమటలు పడుతున్నాయి, ఎండకు అనుకున్నాను. "ఫస్ట్ స్మాల్ స్లీప్. క్యాంప్ కమ్, దెన్ కాల్" అని కళ్ళు మూసుకున్నాడు. నాతో ఆయన చివరి మాట అదే.

క్యాంపు దాకా నేను ఆగినా నా బిడ్డ ఆగలేదు. దారి సగమైనా కాకముందే ఇంటి నుంచి వీడియో కాల్ వచ్చింది. తెర నిండా దాని ముఖమే.

"నాన్నా, కుయా ఏడి?"

ఫోన్ ఆయనవైపు తిప్పాను. తల కిటికీకి ఆనించి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎండ కంట్లో పడుతోందని నేనే కర్టెన్ లాగాను.

"కుయా! నా పేరేంది?"

అంబులెన్సు ఆయన చెప్పిన లెక్కలో, ఆమె అలా అడిగే సమయానికి ఆయన లేడు. ఈ మాట నేను నా భార్యకు కూడా ఇంకా చెప్పలేదు. మీకే మొదట చెబుతున్నాను.

జవాబు రాకపోయేసరికి నా బిడ్డ తెరకు ఇంకా దగ్గరికి వచ్చి చూసింది. వేలు పెదాల మీద పెట్టుకుంది. "ష్... కుయా పండుకున్నడు. నాన్నా, లొల్లి జెయ్యకు, లేస్తడు" అంది. మిగతా దారంతా ఆమె గుసగుసగా కబుర్లు చెబుతుంటే, నేనూ గుసగుసగా ఊ కొడుతూ, ఆయన పక్కన కదలకుండా కూర్చున్నాను.

ఆయన్ను పెట్టెలో వాళ్ళ దేశానికి పంపించాం. ఆ కొండ కనపడేచోట పూడ్చారని చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. కొత్త ఫోర్‌మాన్ వచ్చాడు, పంపులు తిరుగుతూనే ఉన్నాయి. ఇంటి నుంచి కాల్ రోజూ అదే సమయానికి, నేను బస్సులో ఉండగానే వస్తుంది. ఇదివరకు ఫోన్ తీస్తే చాలు, బస్సంతా వినపడేలా అరిచేది నా బిడ్డ. ఇప్పుడు అరవదు. ముఖం తెరకు ఆనించి, వేలు పెదాల మీద పెట్టుకుని, "నాన్నా, కుయా లేసిండా?" అని మెల్లగా అడుగుతుంది.

"ఇంకా లేదు బిడ్డా" అంటాను, అంతకంటే మెల్లగా.